ఎదురెండలో డ్రైవింగ్: కూలింగ్ గ్లాసులా, వైజరా, ఫిల్మా?

పొద్దున ఆఫీసుకు వెళ్తున్నప్పుడో, సాయంత్రం తిరిగొస్తున్నప్పుడో ఎండ సూటిగా కళ్లలో కొడుతుంటే, దానికి విరుగుడంటూ అమ్మే వస్తువులు బోలెడు. కూలింగ్ గ్లాసులు, పోలరైజ్డ్ గ్లాసులు, వైజర్‌కు (ముందద్దం పైన మడిచి ఉండే ఎండ అడ్డుకు) తగిలించే రంగు పలకలు, అద్దాలకు అంటించే ఫిల్ములు, ఎండకు వాటంతటవే నల్లబడే కళ్లద్దాలు. ఏ ప్రకటన చూసినా అదొక్కటీ కొంటే చాలనిపిస్తుంది. కొన్నవాళ్లను అడిగితే మాత్రం ఒకరు "పోలరైజ్డ్ పెట్టుకున్నాక ప్రాణం లేచొచ్చింది" అంటారు, ఇంకొకరు అదే పెట్టుకుని "నాకేం తేడా తెలీలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ల బాధలు వేరు, వాడిన మందు ఒకటి.

అందుకని ఏది కొనాలన్న ప్రశ్న తర్వాత. కంట్లో పడుతున్న వెలుగు ఎక్కణ్నుంచి వస్తోందో ముందు తేలాలి.

చేయి అడ్డం పెట్టి చూడండి

ఎండ ఏటవాలుగా ఉన్న వేళ, సూర్యుడికి ఎదురుగా ఉండేలా బండిని భద్రమైన చోట ఆపండి. సీట్లో మామూలుగా కూర్చుని చేయి చాచి, అరచేత్తో సూర్యుణ్ని కప్పండి. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీయే కాబట్టి చెయ్యి చాలా ఎక్కువే. ఇప్పుడు సూర్యుడి వైపు కాకుండా రోడ్డు వైపు చూడండి.

చెయ్యి అడ్డం పెట్టగానే రోడ్డంతా హాయిగా కనిపిస్తే, మీ బాధ నేరుగా పడే ఎండ. దానికి కావలసింది అడ్డం: వైజర్ లేదా టోపీ. చెయ్యి అడ్డం ఉన్నా ఎదుటి అద్దం పాలపొర కప్పినట్టు తెల్లగా వెలుగుతూనే ఉంటే, తప్పు అద్దానిది. అద్దం తేటగానే ఉండి, తడి రోడ్డో, బానెట్టో, ముందు కారు వెనక అద్దమో తళతళా మెరిసి కళ్లు చెదరగొడుతుంటే, అది ప్రతిఫలించిన వెలుగు. పోలరైజ్డ్ గ్లాసులు పుట్టిందే దానికోసం.

చాలామందికి మూడూ కలిసే ఉంటాయి. కానీ జనం తక్కువ అంచనా వేసేది రెండోదాన్ని. కారణం చెబుతాను. వైజర్ దించితే ఎండ కంట్లో పడటం ఆగుతుంది, కానీ అద్దం మీద పడటం ఆగదు. అద్దం మీది ప్రతి దుమ్ము రేణువూ, ప్రతి గీతా ఆ వెలుగును చెదరగొట్టి మన వైపు పంపుతూనే ఉంటాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే? ఆ తెల్లటి పొర ఎంత తగ్గుతుందో, దాని వెనకున్న రోడ్డూ, మనిషీ కూడా అంతే తగ్గి కనిపిస్తారు. రెంటి మధ్య తేడా పెరగదు. కళ్లకు సుఖంగా ఉంటుంది, చూపు మాత్రం మెరుగుపడదు. ఈ రెండూ వేర్వేరు విషయాలన్నది ఎదురెండకు ఏది కొనాలనుకున్నా ముందు గుర్తుంచుకోవాలి.

కంటి లోపల కూడా ఇదే జరుగుతుంది. వయసు పెరిగే కొద్దీ కంటి కటకంలో వెలుగు చెదరడం ఎక్కువవుతుంది, శుక్లం మొదలైతే మరీనూ. ఒకే కార్లో, ఒకే అద్దంలోంచి చూస్తూ కొడుకు ఇబ్బంది లేకుండా నడిపితే, తండ్రికి కళ్లు బైర్లు కమ్మడం అందుకే. ఈ మధ్యనే ఎదురెండ భరించలేకపోతున్నామనిపిస్తే, కూలింగ్ గ్లాసులు కొనేముందు కళ్ల డాక్టర్ని కలవడం మేలు.

అద్దం: మొదటి స్థానం దీనికే

అద్దం బయట కడిగేవాళ్లు చాలామంది ఉంటారు, లోపల తుడిచేవాళ్లు తక్కువ. అసలు మసక లోపలే ఎక్కువగా ఉంటుంది. బండి ఎండలో నిలబడి వేడెక్కినప్పుడు డాష్‌బోర్డు, సీట్ల ప్లాస్టిక్కుల నుంచి ఆవిర్లు వచ్చి లోపలి అద్దం మీద పల్చటి జిడ్డు పొరలా పేరుకుంటాయి. కొత్త కారు వాసన అని మురిసిపోయేది కూడా ఈ ఆవిర్లనే, కాబట్టి కొత్త బండి గనక అద్దం శుభ్రంగానే ఉంటుందనుకోవడానికి లేదు. లోపల సిగరెట్ తాగేవాళ్లుంటే ఇంకా త్వరగా పడుతుంది. నమ్మకం కుదరకపోతే కింది మూలలో, చేయి సరిగా అందనిచోట, వేలితో ఒక గీత గీసి ఎండలోకి చూడండి. వేలు వెళ్లిన మేర తేటగానూ, పక్కన మబ్బుగానూ కనిపిస్తుంది.

తుడవడానికి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కావాలి. ఒకటి అద్దాల క్లీనర్‌తో కొంచెం తడిపి జిడ్డు తీయడానికి, రెండోది పొడిగా, చారలు పోగొట్టడానికి. డాష్‌బోర్డుకు పాలిష్ పట్టిన గుడ్డనే ఇక్కడా వాడితే మళ్లీ జిడ్డు పూసినట్టే. లోపల అడ్డంగా, బయట నిలువుగా తుడవండి. చారలు మిగిలితే అవి ఏ వైపువో వాటి వాటమే చెబుతుంది, రెండు వైపులా మళ్లీ తుడిచే పని తప్పుతుంది. అద్దాలకు ఫిల్ము ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడొద్దు, ఫిల్ము పాడవుతుంది.

బయటి వైపు శత్రువు వైపర్ రబ్బరు. ఎండకు గట్టిపడి, అంచులు చిట్లిన రబ్బరు అద్దం మీద విల్లులాంటి సన్నటి గీతలు గీసి పెడుతుంది. మామూలు వెలుగులో కనిపించవు, ఎదురెండలో ఒక్కసారిగా మెరుస్తాయి. ఏళ్ల తరబడి ఇసుక, కంకర రేణువులు తగిలి అద్దమంతా సూదిమొన గుంటలు పడితే మాత్రం ఎంత తుడిచినా లాభం లేదు, అద్దం మార్చడమే దారి.

ఇంకొక్క సంగతి. ఎండకు ఎదురుగా వెళ్తూ అద్దం మీదికి వాషర్ నీళ్లు కొట్టొద్దు. ఒకట్రెండు క్షణాలు అద్దమంతా తెల్లబడిపోయి ఏమీ కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు బండి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఎండ వైపు మలుపు తిరగకముందే ఆ పని కానిచ్చేయాలి.

డాష్‌బోర్డు మీద కాగితాలు, తెల్ల గుడ్డ, బొమ్మలు పెట్టే అలవాటుంటే వాటి నీడలు అద్దంలో తేలుతుంటాయి. తళతళలాడే పాలిష్ స్ప్రేలు కూడా అంతే. మెరుపు లేని నల్లటి డాష్‌బోర్డు చూడ్డానికి అందంగా ఉండదేమో గానీ ఎదురెండలో దానికి మించింది లేదు.

కూలింగ్ గ్లాసులు: ఎంత నలుపు, ఏ రంగు

ఎంత నల్లగా ఉంటే అంత మంచిదనుకోవడం సహజం. పొద్దుటి, సాయంత్రపు డ్రైవింగ్‌కు ఈ లెక్క తప్పుతుంది. మిట్టమధ్యాహ్నం అంతటా వెలుగే. ఎండ వాలినప్పుడు సూర్యుడి వైపు భరించలేని వెలుగు, చెట్ల కింద, భవనాల పక్కన చిక్కటి నీడ. మనకు కనిపించాల్సిన సైకిలు, రోడ్డు దాటే మనిషి ఎక్కువగా ఆ నీడల్లోనే ఉంటారు. మరీ నల్లటి గ్లాసులు వాళ్లను ఇంకా లోపలికి నెట్టేస్తాయి.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 12312-1 కూలింగ్ గ్లాసులను 0 నుంచి 4 దాకా తరగతులుగా విడదీసింది. ఫ్రేము కాడ లోపలి వైపున ఈ అంకె ఉందేమో చూడండి. తరగతి 2 అయితే 18 నుంచి 43 శాతం వెలుగును లోపలికి వదులుతుంది, తరగతి 3 అయితే 8 నుంచి 18 శాతం, తరగతి 4 అయితే 3 నుంచి 8 శాతమే. నాలుగోది డ్రైవింగ్‌కు పనికిరాదని ఆ ప్రమాణమే చెబుతోంది. దీనికి తోడు కారు ముందద్దం కూడా కొంత వెలుగును ఆపుతుంది. అది 75 శాతం వదిలిందనుకుంటే, తరగతి 3 గ్లాసుల్లోంచి కంటికి చేరేది 6 నుంచి 13.5 శాతమే. నా సలహా: నీడలు, అండర్‌పాస్‌లు, చెట్ల వరుసలు ఉన్న ఊళ్లోని దారికి తరగతి 2, బాగా తెరిపిగా ఉన్న హైవేకి తరగతి 3.

రంగు విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు. బూడిద రంగు సిగ్నల్ రంగుల్ని మార్చదు, గోధుమ రంగు కాస్త స్పష్టత పెంచినట్టు అనిపిస్తుంది, రెండూ మంచివే. నీలం, గులాబీ, ఎరుపు ఫ్యాషన్‌కు. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు గ్లాసుల వల్ల చీకట్లో చూపు పెరగదు, ఉన్న వెలుగే తగ్గుతుంది. పైన నల్లగా, కిందికి వచ్చే కొద్దీ తేలికయ్యే లెన్సులు డ్రైవర్లకు బాగా పనికొస్తాయి, మీటర్లు చూడ్డానికి తల వంచి పైనుంచి చూసే అవస్థ ఉండదు. కాడలు మరీ వెడల్పుగా ఉన్న ఫ్రేములు పక్క చూపును మింగేస్తాయి, వాటిని వదిలేయండి. అతినీలలోహిత కిరణాల్ని ఆపుతాయని చెప్పే యూవీ 400 అన్న గుర్తు తప్పనిసరి.

పోలరైజ్డ్: పొగడ్త ఎంతవరకు నిజం

1808లో ఎతియెన్ లూయీ మాలుస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్‌లో తన ఇంట్లోంచి, లక్సెంబర్గ్ రాజభవనం కిటికీ అద్దాల మీద పడి తిరిగొస్తున్న సాయంత్రపు ఎండను ఒక కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే ఆ మెరుపు హెచ్చుతగ్గులవడం గమనించాడు. పోలరైజ్డ్ గ్లాసుల కథ మొదలైంది ఆ మెరుపుతోనే. రోడ్డు, నీళ్లు, బానెట్ లాంటి అడ్డంగా పరుచుకున్న ఉపరితలాల మీంచి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంటుంది. పోలరైజ్డ్ లెన్సు దాన్ని ఆపి, నిలువుగా కంపించే వెలుగును మాత్రం వదులుతుంది. డాష్‌బోర్డు నీడలు అద్దంలో తేలడం కూడా ఇందువల్ల బాగా తగ్గుతుంది.

అమ్మేవాళ్లు చెప్పని మెలిక ఒకటుంది. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు పూర్తిగా పోలరైజ్ అయ్యేది, అంటే ఒకే వాటంలో కంపించేది, సూర్యుడు దిగంతం నుంచి దాదాపు 37 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు. సూర్యుడు కిందికి దిగే కొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది. 10 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి తడి రోడ్డు మీది ఎదురు మెరుపులో పోలరైజ్ అయ్యేది మూడో వంతుకు అటూ ఇటూ. అంటే మనకు అసలు బాధ ఎక్కువగా ఉండే వేళలో దీని గొప్పతనం తక్కువ. ఎండ నేరుగా కంట్లో పడేటప్పుడు పోలరైజ్డ్‌కు, అంతే నలుపున్న మామూలు గ్లాసులకు తేడా ఉండదు. బారెడు పొద్దెక్కాక బయల్దేరేవాళ్లకు, వానాకాలంలో తడి రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఇది వరం. సరిగ్గా పొద్దు గుంకే వేళ పడమటికి వెళ్లేవాళ్లు మాత్రం దీన్నే నమ్ముకుంటే నిరాశే.

ఇబ్బందులూ ఉన్నాయి. కొన్ని ఫోన్ తెరలు, కారు స్క్రీన్లు ఒక వాటంలో నల్లగా కనిపిస్తాయి. అద్దం మీద వేగం, దారి చూపించే డిస్‌ప్లే ఉన్న కార్లలో ఆ అంకెలు మసకబారతాయి. పక్క కిటికీ అద్దాల్లో మచ్చలు మచ్చలుగా కనిపించడం గాజును గట్టిపరిచినప్పుడు పడ్డ ఒత్తిడి ఆనవాలు, కంటి లోపం కాదు. రోడ్డు మీద తడి మెరుపును చూసే జారుడు పసిగట్టేవాళ్లకు ఆ ఆచూకీ కూడా తగ్గుతుంది. కొనేముందు మీ ఫోనును ఆ గ్లాసుల్లోంచి నిలువుగా, అడ్డంగా తిప్పి చూడండి. అసలుదో కాదో తేల్చుకోవాలంటే రెండు జతలు తీసుకుని ఒకదాని లెన్సు మీద ఇంకోదాన్ని 90 డిగ్రీలు తిప్పి పట్టుకోండి, రెండూ పోలరైజ్డ్ అయితే దాదాపు నల్లగా మూసుకుపోతుంది.

ఎండకు నల్లబడే ఫోటోక్రోమిక్ లెన్సుల గురించి ఒక్క ముక్క చాలు: మామూలు రకాలు కార్లో పనిచేయవు. అవి నల్లబడేది అతినీలలోహిత కిరణాలకు, కారు ముందద్దం ఆ కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది. మామూలు వెలుగుకు కూడా స్పందించేలా డ్రైవింగ్ కోసం చేసినవి వేరే ఉన్నాయి, అవీ ఓ మోస్తరుగానే నల్లబడతాయి. పవర్ ఉన్నవాళ్లు రోజూ ఎదురెండలో వెళ్లేవాళ్లయితే, పవర్‌తోనే ఒక జత కూలింగ్ గ్లాసులు చేయించుకోవడం మంచిది. ఎప్పుడో ఒకసారికైతే పైన తగిలించుకునే క్లిప్-ఆన్ సరిపోతుంది, రెండు లెన్సుల మధ్య వెలుగు అటూ ఇటూ తగిలి కొంచెం చికాకు పెడుతుందన్నది తప్ప.

వైజర్, దానికి తగిలించే పలకలు, టోపీ

కార్లో వచ్చే వైజర్‌ను సగం మంది సగమే వాడతారు. దాని ఒక కొస ఊడదీసి పక్క కిటికీ వైపు తిప్పొచ్చన్నది తెలిసిందే, కొన్నింటిని కడ్డీ మీద జరపొచ్చు కూడా. పొట్టిగా ఉన్నవాళ్లకు ఎండ వైజర్ కింది నుంచి దూరి వస్తుంటే, మొదట మీ సీటు కాస్త పైకి లేపి చూడండి. కన్ను పైకి వెళ్తే, అదే వైజర్ ఇంకా కిందికి దిగిన సూర్యుణ్ని కూడా కప్పుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం చిక్కే. 5 డిగ్రీల ఎత్తు ఎక్కుతుంటే బండి ముక్కు పైకి లేచి, సూర్యుడు బండి లెక్కన 5 డిగ్రీలు కిందికి దిగినట్టవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు ఉన్నట్టుండి కళ్లు చెదరడం అందుకే.

వైజర్‌కు తగిలించే రంగు పలక ఈ కొరత తీరుస్తుంది. దాన్ని కిందికి దించినా సిగ్నల్ కనిపిస్తూనే ఉంటుంది, వైజర్ అయితే మూసేస్తుంది. కానీ వీటిలో చాలావరకు మెత్తటి ప్లాస్టిక్. తుడిచిన కొద్దీ గీతలు పడతాయి, గీతలు పడ్డ పలక ఎండలో తానే వెలగడం మొదలుపెడుతుంది. గుంతల రోడ్డులో గడగడలాడుతుంది. క్లిప్పు గట్టిగా లేకపోతే గట్టి బ్రేకు వేసినప్పుడు ముఖం ముందు వేలాడే వస్తువు అది. కొనక తప్పదనుకుంటే అంచులు గుండ్రంగా ఉన్నవి, రెండు క్లిప్పులతో బిగిసేవి చూసుకోండి.

నన్నడిగితే దీనికన్నా ముందుకు అంచున్న మామూలు టోపీయే నయం. తలతోపాటు తిరుగుతుంది కాబట్టి మలుపుల్లో మళ్లీ సర్దుకోనక్కర్లేదు, గడ్డం రవ్వంత దించితే చాలు సూర్యుడు అంచు వెనక్కి పోతాడు. అంచు అడుగు భాగం నల్లగా ఉన్నది తీసుకోండి, తెల్లటిదైతే డాష్‌బోర్డు మీంచి వచ్చే వెలుగును కళ్లలోకి తోస్తుంది. టోపీ, తరగతి 2 గ్లాసులు, శుభ్రమైన అద్దం కలిస్తే రోజువారీ ప్రయాణాల్లో చాలావాటికి అదే చాలు.

ఫిల్ముల సంగతి

ఎదురెండకు ఫిల్ము విరుగుడు కాదు. నడినెత్తిన ఉన్న సూర్యబింబం ప్రకాశం చదరపు మీటరుకు సుమారు 160 కోట్ల కాండెలాలు (కాండెలా అంటే వెలుగును కొలిచే ప్రమాణం), దిగంతానికి దిగాక కూడా సుమారు 6 లక్షలు. అందులోంచి 30 శాతం తీసేసినా కన్ను ఏం గుర్తుపడుతుంది? అంతకంటే నల్లగా వేద్దామంటే చాలా దేశాల్లో ముందద్దం కనీసం 70 శాతం వెలుగును వదలాలన్న నిబంధన ఉంది. పైగా గ్లాసులు తీసేయొచ్చు గానీ, రాత్రి వానలో ఫిల్ము తీసేయలేం. వేడి తగ్గడానికి, చర్మం మీద పడే కిరణాలు ఆపడానికి పక్క అద్దాలకు వేయించుకుంటే అది వేరే లెక్క, మీ ప్రాంతపు నియమాలు చూసుకుని వేయించుకోండి.

టూవీలర్ నడిపేవాళ్లకు

ఇక్కడ పోటీ హెల్మెట్ ముందు ముఖాన్ని కప్పే నల్ల వైజర్‌కు, హెల్మెట్ లోపల్నుంచి జారే చిన్న సన్ వైజర్‌కు మధ్య. వెళ్లేటప్పుడు ఎండ, వచ్చేటప్పుడు చీకటి అయితే లోపలి సన్ వైజరే ఎంచుకోండి, ఒక్క మీటతో పైకి పోతుంది. పూర్తి నల్ల వైజర్ పెట్టుకుంటే తిరుగు ప్రయాణానికి తెల్లది ఇంకోటి మోసుకెళ్లాలి. ఎవరూ మోయరు, చీకట్లో వైజర్ ఎత్తి కళ్లలో పురుగులు పడుతుంటే నడుపుతారు. లోపలి సన్ వైజర్ లేని హెల్మెట్ అయితే, వైజర్ పై అంచున సన్నటి నల్ల పట్టీ అంటించుకుంటే టోపీ అంచులా పనిచేస్తుంది. గీతలు పడ్డ వైజర్ మీద ఇవేవీ పనిచేయవు, ముందు దాన్ని మార్చండి.

టైము, దారి

ఇల్లు ఆఫీసుకు పడమటి వైపు ఉంటే రెండు పూటలా ఎండ మొహానే. తూర్పు వైపు ఉంటే రెండు పూటలా వీపున. ఇల్లు చూసుకునేటప్పుడు ఇదెవరికీ గుర్తు రాదు, అదే విచిత్రం. ఇల్లు మారలేకపోయినా టైము మార్చుకోవచ్చు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో 20 నిమిషాలు ఆలస్యంగా బయల్దేరితే సూర్యుడు 5 డిగ్రీల దాకా పైకొచ్చి వైజర్ వెనక్కి చేరతాడు. అక్కణ్నుంచి దూరం వెళ్లే కొద్దీ సూర్యుడు మరింత ఏటవాలుగా ఎక్కుతాడు, అక్కడ ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి. మార్చి 20, సెప్టెంబర్ 22 తేదీల చుట్టుపక్కల సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తాడు. నిక్కచ్చిగా తూర్పు-పడమరలుగా వేసిన రోడ్లకు ఆ వారాలే గడ్డుకాలం. అప్పుడు మాత్రం కొంచెం చుట్టు అయినా ఉత్తర దక్షిణాలుగా వెళ్లే దారి పట్టడం ఏ గ్లాసుల కన్నా మేలు. లేన్ తప్పకుండా చూసే కెమెరాలున్న కార్లు కూడా ఎదురెండలో తడబడతాయి, ఆ వేళ వాటి మీద భారం వేయకండి.

ఎండ వీపున ఉంటే హాయే గానీ అప్పుడు మనం ఎదుటివాళ్లకు కనిపించం. మన నీడ పొడుగ్గా మన ముందే పడుతోందంటే, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో ఎండ కొడుతున్నట్టే. మనిషి నీడ మనిషికి నాలుగింతలు ఉందంటే సూర్యుడు 14 డిగ్రీల ఎత్తులోనే ఉన్నాడు. అలాంటప్పుడు డిమ్ లైట్లు వేసుకోండి. సిగ్నల్ దగ్గర ఇంకో మోసం ఉంటుంది: వెనక నుంచి వచ్చే ఎండ పాతరకం సిగ్నల్ గాజుల్లోకి దూరి తిరిగొస్తుంటే, ఆరిపోయిన రంగు కూడా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. ఏ రంగు వెలుగుతోందో తేలకపోతే ఆగేలా వేగం తగ్గించండి, పక్క దారి నుంచి వచ్చే బండ్లు ఆగాయో లేదో చూశాకే కదలండి.